పెద్దల ఆస్తి, పెద్దల పోషణ: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చు తగవులలో గట్ల తగవులు, భాగపంపకముల తగవులు పెక్కు. వానికంటె బాధాకరమైనది మరియొకటి కలదు. ఉన్న భూమినంతయు బిడ్డల పేర వ్రాసి యిచ్చి, పిదప పట్టెడన్నమునకు వారి వాకిట నిలువవలసి వచ్చిన ముదుసలుల మొర అది. ముందుగా నాలుగు విషయములు తెలిసియున్నచో ఈ దుస్థితి చాలవరకు తప్పును. కావున వానిని ఇచట క్రమముగా వివరింతుము.

వీలునామా లేనిచో ఏమగును?

హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. వీలునామా వ్రాయకుండ మరణించిన పురుషుని స్వార్జితము భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమభాగములుగా చెందును. ఒక రైతు ఆరెకరములు విడిచి మరణించెననుకొందము. తల్లి లేదు, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలరు. ఒక్కొక్కరికి ఎకరమున్నర వచ్చును. పసుపు కుంకుమల క్రింద ఇచ్చినది చాలునని పెండ్లియైన కుమార్తెను విడిచి కుమారులకే పంచుట చెల్లదు. పిత్రార్జితమునందు కూడ కుమార్తెకు పుట్టుకతోనే హక్కు కలదని 2005వ సంవత్సరపు సవరణ చెప్పుచున్నది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్పు చెప్పినది.

వీలునామా, దానపత్రము

ఈ రెండింటికి గల భేదము తెలియకనే పెక్కుమంది నష్టపోవుచున్నారు. వీలునామా వ్రాసినవాని మరణానంతరమే అమలులోనికి వచ్చును. అంతవరకు భూమి, పాసుపుస్తకము ఆయన చేతనే యుండును. మనసు మారినచో దానిని మార్చవచ్చును, రద్దు చేయవచ్చును. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించుట మేలు. వ్రాయువానికి మతి స్థిమితముగా నుండవలెను. సంతకము గాని వేలిముద్ర గాని వేయుట చూచిన ఇద్దరు సాక్షులు, ఆయన సమక్షమున తామును సంతకము చేయవలెను. ఆస్తి పొందబోవువారిని సాక్షులుగా నుంచకుండుట క్షేమము. చదువురాని వారికి వేలిముద్రకు ముందు వీలునామాను పూర్తిగా చదివి వినిపింపవలెను. ముస్లిములు మాత్రము వారసుల సమ్మతి లేక ఆస్తిలో మూడవ వంతుకు మించి వీలునామా వ్రాయజాలరు.

దానపత్రము, లేక సెటిల్‌మెంటు దస్తావేజు, రిజిస్టరు కాగానే ఆస్తి చేయి మారును. తరువాత పశ్చాత్తాపపడినను సాధారణముగా తిరిగి రాదు. తప్పక వ్రాయవలసి వచ్చినచో రెండు షరతులు అందు చేర్పింపవలెను. మొదటిది, తామును తమ భార్యయు జీవించియున్నంతకాలము ఫలసాయము అనుభవించు హక్కు. రెండవది, పుచ్చుకొనువారు తమకు అన్నవస్త్రములు, వైద్యము, వసతి కల్పింపవలెనను మాట.

ఈ రెండవ షరతు విలువ గొప్పది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. దాని 23వ సెక్షను ప్రకారము, పోషింపవలెనను షరతుపై ఆస్తి పుచ్చుకొని పోషింపనివారి దస్తావేజును ట్రిబ్యునలు చెల్లదని ప్రకటింపగలదు. షరతు ఉన్నట్లు రుజువు కానిదే ఈ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. 2025 జనవరిలో అదే న్యాయస్థానము ఒక తల్లి వ్రాసిన దానపత్రమును రద్దుపరచి, ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించినది. కావున నోటిమాటను నమ్ముకొనక కాగితముపై వ్రాయించుకొనుట మంచిది.

మంచము పట్టిన నాడు

పక్షవాతము వచ్చినను, మతిమరుపు ముదిరినను ఏండ్ల తరబడి ఒకరు ప్రక్కన నుండవలెను. స్నానము చేయించువారెవరు? ఆసుపత్రికి కొనిపోవువారెవరు? ఖర్చు ఎవరిది? నెలకొక కుమారుని ఇంట వంతులు వేసికొనుట మన పల్లెలలో వాడుక. నడువలేని మనిషిని నెలనెల ఇల్లు మార్చుట కష్టము. ఒకరింట నుంచి, మిగిలినవారు ధాన్యమో రొక్కమో ఇచ్చుట మేలు. సేవ చేయునది తరచుగా కోడలో కుమార్తెయో. ఆమె శ్రమను గూడ లెక్కలోనికి తీసికొని ఒడంబడిక వ్రాసికొనవలెను.

మతి తప్పినచో అంతకుముందు ఇచ్చిన జనరల్ పవరు పనిచేయదు. కావున బుద్ధి స్థిరముగా నున్నప్పుడే బ్యాంకు ఖాతాను భార్యాభర్తలలో ఎవరైనను నడుపునట్లు మార్చుకొనవలెను. నామినీ సొమ్ము అందుకొనువాడు మాత్రమే. అంతమాత్రమున సొంతదారు కాడు.

సభ్యుల కర్తవ్యము

ఆస్తి హక్కును తేల్చు అధికారము పంచాయతీకి లేదు. దారి చూపు బాధ్యత మాత్రము కలదు. బిడ్డలు పోషింపనిచో రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలునకు దరఖాస్తు చేయించుడు. బిడ్డలు లేని వృద్ధులు, తమ ఆస్తికి వారసులు కాబోవు బంధువులపై అర్జీ పెట్టుకొనవచ్చును. తాము పోలేని వారి తరఫున, వారు అధికారమిచ్చిన మరియొకరు అర్జీ ఇయ్యవచ్చును. నోటీసు అందిన 90 దినములలో విచారణ ముగియవలెనని చట్టము చెప్పుచున్నది. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరు కలదు. దానిని పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.

ఎవరైన వృద్ధుడు భూమి వ్రాసి ఇచ్చుటకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు బయలుదేరుచున్నట్లు తెలిసినచో, అతనిని ఒక్క ప్రశ్న అడుగుడు: “పెద్దాయనా, మీ అన్నము సంగతి అందులో వ్రాయించితిరా?” లేదని చెప్పినచో, ఆ ప్రయాణము నాలుగు దినములు ఆపుకొమ్మని సలహా ఇండు.