నాయకులను ఏర్పరచుకొనుట

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 18:13–26, ద్వితీయోపదేశకాండము 1:9–18

మోషే ఒక్కడే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ప్రజల వ్యాజ్యెములు విచారించుచుండెను. ఆ భారము ఒక్కనివలన కాదని అతని మామ యిత్రో బుద్ధి చెప్పెను. దేవునికి భయపడువారిని, లంచమునకు చేయి చాపనివారిని వెదకుమనెను. అట్టివారిని ఎంచుకొనుడని మోషే ప్రజలతోనే చెప్పినట్లు ద్వితీయోపదేశకాండములో చూచుచున్నాము. కాబట్టి నాయకుని గుణమును విచారించు బాధ్యత ప్రజలది.

మన దేశములో ఈ బాధ్యత అందరికిని మొదటినుండి లేదు. 1935 చట్టము క్రింద ఆస్తి, పన్ను, చదువు మొదలగు అర్హతలు చూచి ఓటిచ్చిరి. బీద కూలివానికి సాధారణముగా ఓటు లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 326వ అధికరణమువలన వయోజనులందరికి ఓటు కలిగెను. అప్పుడు 21 ఏండ్లు నిండవలెను. 1989 నుండి 18 చాలును. భూస్వామి ఓటును పాలేరు ఓటును లెక్కలో సమానమే.

రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడు. మతమునుబట్టి సీట్లు ప్రత్యేకించుట వలదని ఆ సభ 1949లో నిశ్చయించెను. కనుక మనమెన్నుకొనువాడు మన సంఘమునకే గాక ఊరందరికిని ప్రతినిధి. శాసనసభ, లోకసభ ఎన్నికలలో మతము పేరిట ఓటడుగుటయు, ఓటుకు డబ్బిచ్చుటయు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము అక్రమములు. ఎవరికి వేయవలెనో ప్రసంగవేదికనుండి చెప్పుట కాపరి పని కాదు.

“డబ్బు పుచ్చుకొని మనకిష్టమైనవానికే వేసెదము” అని కొందరందురు. అట్లు చేయువాడు లంచముతో అబద్ధమును కలుపుచున్నాడు. అమ్ముకొన్న ఓటుతో, రేపు బోరింగు చెడిపోయినప్పుడు అడుగు నోరు కూడ పోవును.

ఓటు వేయుటతో పని ముగియదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనున్న 73వ సవరణ గ్రామసభను రాజ్యాంగములో చేర్చెను. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి పురుషుడును, ప్రతి స్త్రీయు దానిలో సభ్యులు. పంచాయతీ స్థానములలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్త్రీలకుంచవలెనని ఆ సవరణలోనే యున్నది. భార్యను సర్పంచిగా ఎన్నుకొని, సంతకము తప్ప సమస్తమును భర్తకు అప్పగించినయెడల ఆమెకిచ్చిన ఓటు వ్యర్థమగును.

ఇంట ఆలోచింపవలసినవి:
1. మన యింట 18 ఏండ్లు నిండినవారందరి పేర్లు జాబితాలో నున్నవా?
2. రాబోవు గ్రామసభలో మన పేట నీటి సంగతి ఎవరు అడుగుదురు?

అధికారులకొరకు ప్రార్థించుట మన విధి (1 తిమోతి 2:1–2). ప్రార్థించినవారు గ్రామసభకును వెళ్లుదురు గాక.