రీత్‌కి రేటు చెప్పే ముందు

నరసాపురం

అమ్ములూ,

మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్లు క్రిస్మస్‌కి తలుపులకి తగిలించుకోవడానికి పది ఊలుపూల రీత్‌లు అల్లివ్వమన్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. రేటెంత అంటే, "ఊలు డబ్బులొస్తే చాలు, ఎలాగూ టీవీ చూస్తూ అల్లేదే కదా" అన్నావట. ఆ మాట దగ్గరే నీతో నాకు పేచీ.

ముందు పువ్వు సంగతి చూద్దాం. రీత్‌కి అన్నిటికంటే నిండుగా ఉండేది గులాబీ. సూది మీద 10 కుట్లు ఎక్కించు. మొదటి వరసలో ప్రతి కుట్టులోనూ ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అల్లు. ఒక్కో కుట్టు రెండై 20 అవుతాయి. అలాగే రెండో వరసకి 40, మూడో వరసకి 80. తర్వాత అన్నీ మూసెయ్. మూసేటప్పుడు చెయ్యి వదులుగా ఉండాలి, బిగిస్తే రేకుల అంచు విచ్చుకోదు. సూది మీంచి దించగానే ఆ పట్టీ జంతికలా దానంతటదే మెలి తిరుగుతుంది. ఒక కొస పట్టుకుని మెల్లగా చుట్టుకుంటూ పో, గులాబీ వచ్చేస్తుంది. మొదట్లోనూ చివర్లోనూ జానెడేసి ఊలు వదిలిపెట్టు. ఒక పోగుతో పువ్వు అడుగు కుట్టేసుకో, రెండోదాంతో రీత్ చట్రానికి కట్టుకో. గమ్ మాత్రం వద్దు. కుట్టిందైతే వచ్చే ఏడాది విప్పి, ఉతికి, మళ్లీ కట్టుకోవచ్చు. ఊలు చీటీ మీద రాసినదానికన్నా ఒక సైజు సన్న సూది వాడితే పువ్వు గట్టిగా నిలబడుతుంది. అక్రిలిక్ ఊలైతే పొరపాటున కూడా వేడి ఇస్త్రీ తగలనివ్వకు, చచ్చుబడిపోతుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఒక్క గులాబీకి ఎక్కించినవీ అల్లినవీ కలిపి 150 కుట్లు, మూసినవి 80. మొత్తం 230. రీత్‌కి 20 పూలు వేసుకుంటే 4,600 కుట్లు. ఆకులు, చట్రానికి చుట్టే పట్టీ దీనికి అదనం. పువ్వుకి 20 నిమిషాలు పడుతుందనుకుంటే ఒక్క రీత్ పూలకే 6 గంటల 40 నిమిషాలు. పది రీత్‌లకి 66 గంటలు దాటుతుంది. టీవీ నడుస్తున్నంత మాత్రాన ఆ గంటలు ఎక్కడికీ పోవు, నీ మెడకీ వేళ్లకీ అవన్నీ తెలుస్తాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన ఊరు ఈ లెక్క వదిలేసి నష్టపోయిన ఊరు కాబట్టి. 1844లో మిషనరీలతో వచ్చిందని చెప్పే ఇక్కడి లేసు పని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. మాది ఒక్క కొక్కెం సూది, నీది రెండు సూదులు, అంతే తేడా. ఇక్కడా పని చిన్న చిన్న పూలతోనే. ఒకరు పూలు అల్లుతారు, దాన్ని చేతిపని అంటారు. వాటిని కలిపేది ఇంకొకరు, అది అతుకుపని. కూలేమో ఎంత దారం అల్లితే అంత, పట్టిన గంటలు ఎవరూ అడగరు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఇక్కడి ఆడవాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజూ గంటల తరబడి లేసు అల్లే మనిషిని కూడా లోకం పనివాళ్లలో కలపలేదని, ఇంట్లో కూర్చుని తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణిగానే చూసిందని ఆవిడ రాసింది. తీరికపని అని పేరు పడ్డాక దానికి కూలి పెంచేదెవరు? సరుకు విదేశాలకి వెళ్లింది, అల్లినవాళ్లకి మిగిలింది చిల్లరే. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది, గర్వపడాల్సిందే. కానీ ఆ గుర్తింపు కాపాడేది లేసు పేరుని. అల్లే మనిషికి ఎంతివ్వాలో అది చెప్పదు.

చదువుకున్నదానివి, ఎవరి కిందా లేవు, నీ సరుకుకి రేటు నువ్వే చెప్పుకోగలవు. అలాంటిది నువ్వే నోరారా "టీవీ చూస్తూ" అంటే ఎలా?

ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మూడు పూలు అల్లు. మొదటి రెండూ చెయ్యి కుదరడానికి, మూడోదానికి పట్టిన టైమే లెక్కలోకి తీసుకో. ఆకులకీ అతుకుపనికీ విడిగా చూసుకో. మీ ఊళ్లో బట్టలు కుట్టే మనిషికి గంటకి ఎంత గిట్టుతుందో కనుక్కో, అంతకి తగ్గకు. దానికి ఊలు, చట్రం, కొనడానికి తిరిగిన ఆటో ఖర్చు కలుపు. వచ్చిన అంకె చూసి భయపడకు, కాయితం మీద రాసి చూపించు. ఎక్కువనిపిస్తే పూలు తగ్గించి చిన్న రీత్ చేసివ్వు, గంట రేటు మాత్రం తగ్గించకు. మనసైనవాళ్లకి ఊరికే ఇవ్వాలనుంటే శుభ్రంగా ఇచ్చెయ్, అది కానుక. అమ్మితే మాత్రం పూర్తి ధరకే అమ్ము. సగం ధరకిస్తే అది కానుకా కాదు, బేరమూ కాదు. పైగా మీ చుట్టుపక్కల ఇంకెవరైనా అల్లి అమ్ముకుంటుంటే వాళ్ల పొట్ట కొట్టినట్టు.

ఈ రేటు విని పది ఆర్డర్లు కాస్తా నాలుగైతే నాలుగే అల్లు. రంగులు ముందే రాయించుకో, సగం డబ్బు ముందే తీసుకో. రేటు తేలాక నాకు ఫోన్ చెయ్యి. తగ్గించావో, మీ నాన్నకి కాదు, నీకే తిట్లు.

ఇట్లు,
మీ అత్తయ్య