నీలిపొగ - బోరు పరీక్ష

పాత మారుతి 800 నీలిపొగ వదలగానే "బోరు పోయింది, ఇంజను దించాల్సిందే" అంటారు కొందరు మెకానిక్కులు. కిరాయికారుతో ఇల్లు నడిపేవారికి ఆ మాట పిడుగే. మెకానికల్ చదువుతున్న మేము చెప్పేది ఒకటే: ముందు కంప్రెషన్ కొలిపించండి.

ఇంజను వేడెక్కాక మూడు ప్లగ్గులూ, కాయిలు కనెక్షనూ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి సెల్ఫు కొడుతూ గేజీతో ఒక్కో సిలిండరు చూడాలి. తక్కువ చూపినదాంట్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలవాలి. రీడింగు పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. ఆయిలు ఆ సందును కాసేపు మూస్తుంది. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో చూడాలి.

ఆయిలు మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొట్టడమే బ్లోబై. బ్రీదరు గొట్టం మూసుకుపోయినా ఆయిలు బయటికి తన్నుతుంది, ముందు దాన్ని శుభ్రం చేయండి. కంప్రెషన్ బాగుండి, పొద్దున స్టార్టు చేసినప్పుడే పొగొస్తే అనుమానం వాల్వు సీళ్ల మీదే. వాటికోసం బోరు చేయించనక్కర్లేదు.