కడుపునొప్పికి కారణం కడుపులోనే ఉండాలని లేదు

"అమ్మా, కడుపు నొప్పి" అనగానే మనకు ముందు తట్టేది రేపటి పరీక్ష, లేదా నిన్న తిన్న పానీపూరీ. చాలాసార్లు ఆ ఊహ నిజమే. వాము నీళ్లతోనో, ఒక పూట విశ్రాంతితోనో తగ్గిపోతుంది. ఇక్కడ చెబుతున్నది అలా తగ్గని, అరుదైన నొప్పుల గురించి.

ముందుగా మగపిల్లల సంగతి. 12 నుంచి 18 ఏళ్ల మధ్య అబ్బాయికి ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పి, వాంతులు మొదలైతే వృషణం మెలితిరిగి ఉండవచ్చు. రక్తం అందని ఆ వృషణాన్ని కాపాడుకోవడానికి ఉండే సమయం సుమారు 6 గంటలే. పిల్లవాడు సిగ్గుపడి "కడుపు" అని మాత్రమే అంటాడు. కింద నొప్పి ఉందా, వాచిందా అని నాన్నగారో తాతగారో సూటిగా అడగాలి. ఉందంటే తెల్లవారేదాకా ఆగకండి, సర్జన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. ఆడపిల్లల్లో అండాశయం కూడా ఇలాగే మెలిపడుతుంది. అది నెలసరి నొప్పేలే అని వదిలేస్తుంటాం.

రెండోది షుగర్. పిల్లలకు షుగరేమిటని తీసిపారేయకండి. టైప్ 1 మధుమేహం కొందరు పిల్లల్లో మొదటిసారి బయటపడేది కడుపునొప్పి, వాంతులతోనే. అంతకుముందు కొన్ని వారాలుగా నీళ్లు తెగ తాగడం, మాటిమాటికీ మూత్రానికి లేవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం ఉంటాయి. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తుంటే మరీ ప్రమాదం. ఇంట్లో తాతయ్య గ్లూకోమీటర్ ఉంటే ఒక్క రక్తపు చుక్క చాలు. అంకె 200 దాటితే వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

సెలవుల్లో ఊరెళ్లి నేలమీద పడుకునే పిల్లల విషయంలో ఇంకొకటి. కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు గాటు కనబడదు, కాటు వేసినచోట నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, ఆపైన కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం వస్తాయి. 108కి ఫోన్ చేసి, "పాము కాటేమో" అని మీరే చెప్పండి. డాక్టరుకూ అదే మాట చెప్పండి. మంత్రం, నాటుమందు అంటూ సమయం పోగొట్టుకోవద్దు.

బొమ్మల్లోని చిన్న అయస్కాంతాలు రెండు మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదానికొకటి అతుక్కుని రంధ్రం చేస్తాయి. బొమ్మలో ముక్క తగ్గిందా చూసుకుని వెళ్లండి.

తీవ్రమైన నొప్పి ఉన్నప్పుడు ఆముదం, విరేచనాల మందు ఇవ్వకండి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా తిండి పెట్టకండి. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.