కిటికీల మార్పిడి: కొటేషన్లను సరిపోల్చే పద్ధతి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ సమీపంలో తీరం దాటింది. ఆ తీరానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న బరంపురం వంటి నగరంలో కిటికీ కేవలం వెలుతురుకూ గాలికీ ఉద్దేశించిన అమరిక కాదు. పెనుగాలికి కిటికీ ఊడిపోతే ఇంటిలోనికి చొరబడిన గాలి పైకప్పును లోపలి నుండి పైకి నెడుతుంది. రేకుల కప్పు ఉన్న ఇంటికి ఇది మరింత ప్రమాదకరం.

నగరంలోని పాత ఇళ్లలో టేకు, సాల కలప కిటికీలు ఇంకా అనేకం ఉన్నాయి. చెదలు పట్టినవీ, వానకాలంలో ఉబ్బి మూసుకోనివీ తీసివేసి, వాటి స్థానంలో యూపీవీసీ లేదా అల్యూమినియం కిటికీలు పెట్టించుకోదలచిన గృహస్థులు సాధారణంగా రెండు మూడు దుకాణాల నుండి కొటేషన్లు తెప్పించుకుంటారు. చేతికి వచ్చిన కాగితాలలో దృష్టి మొదట అట్టడుగున ఉన్న మొత్తం మీదకే పోతుంది. అయితే ఆ మొత్తాలు ఒకే వస్తువు ధరలు కావు. ఒక్కొక్క దుకాణదారుడు ఒక్కొక్క కిటికీని మనసులో ఉంచుకొని లెక్క వ్రాస్తాడు. కనుక ముందుగా మూడు కాగితాలనూ ఒకే కిటికీకి తీసుకురావాలి. అటు తరువాతనే అంకెలను పోల్చడంలో అర్థం ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ధరలు లెక్క నేర్చుకోవడానికి ఊహించినవే తప్ప బజారు ధరలు కావు. ఒక ఇంటిలో ఐదు కిటికీలు మార్చాలి. ఒక్కొక్కటి 3 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 4 అడుగుల 3 అంగుళాల ఎత్తు. మొదటి దుకాణం యూపీవీసీ కిటికీలకు చదరపు అడుగుకు 620 రూపాయల వంతున 55,800 రూపాయలు వ్రాసింది. రెండవ దుకాణం యూపీవీసీకే, పన్నుతోనూ పనితోనూ కలిపి 88,500 రూపాయలు అన్నది. మూడవది అల్యూమినియం కిటికీకి 14,500 రూపాయల వంతున, పన్నుతో కలిపి 72,500 రూపాయలు చూపింది. మొదటిదానికీ రెండవదానికీ మధ్య 32,700 రూపాయల తేడా కనిపిస్తున్నది.

మొదట కొలతను పరిశీలించాలి. పై కిటికీ వాస్తవ వైశాల్యం 15.94 చదరపు అడుగులు. ఐదింటికి కలిపి దాదాపు 80. మొదటి దుకాణం మాత్రం వెడల్పును 4 అడుగులకూ, ఎత్తును నాలుగున్నర అడుగులకూ పెంచి, కిటికీకి 18 చొప్పున 90 చదరపు అడుగులకు ధర కట్టింది. గాజు వ్యాపారంలో ఇలా పై కొలతకు సవరించడం వాడుకలో ఉన్నదే. దానిని మోసం అనలేము. అయినా 55,800ను వాస్తవ వైశాల్యంతో భాగిస్తే చదరపు అడుగు ధర 620 కాదు, 700 అవుతుంది. కాబట్టి చదరపు అడుగు ధర చెప్పిన వారిని, అది ఏ కొలత మీద చెప్పినదో అడిగి కాగితం మీదనే వ్రాయించుకోవడం అవసరం.

తరువాత చూడవలసినది కాగితంలో లేనిది. బరంపురంలో కొటేషన్లు ఒడియాలోనో ఆంగ్లంలోనో వస్తాయి. ‘ఎక్స్‌ట్రా’, ‘యాజ్ పర్ యాక్చువల్స్’ అనే మాటలు ఎక్కడ ఉన్నాయో, ఆ భాషలు చదవలేని పెద్దలు చదివించుకొని గుర్తు పెట్టుకోవాలి. మొదటి మాటకు ‘వేరుగా చెల్లించాలి’ అని అర్థం. రెండవ మాటకు ‘ఎంత ఖర్చయితే అంత’ అని అర్థం. అనగా దానికి పరిమితి లేదు. మొదటి దుకాణం కాగితంలో పన్ను, దోమతెర రెక్క, పాత చట్రం తొలగింపు, గోడ అంచుల పూత అన్నీ ‘ఎక్స్‌ట్రా’యే. మూడవదానిలో పాత చట్రం మాట, పూత మాట అసలే లేవు. కూల్చగా వచ్చిన పెళ్లలను ఎవరు తరలిస్తారన్నది కూడా వ్రాయించుకోవాలి. అవి వీధి కాలువలో పడితే తరువాతి వానకు ఆ వీధివారందరూ బాధపడతారు.

మూడు కాగితాలూ విస్మరించిన అంశం మరొకటి ఉంది. పాత కిటికీలలో ఇనుప ఊచలు కలప చట్రంలోనే దిగగొట్టి ఉంటాయి. చట్రం తీస్తే ఊచలూ పోతాయి. కొత్త కిటికీకి గాజు రెక్కలు మాత్రమే ఉంటాయి. గ్రిల్లు ప్రత్యేకంగా చేయించుకోవలసిందేనన్న సంగతి చాలామందికి పాత కిటికీ ఊడిన రోజున గాని తెలియదు. ఆ రాత్రి ఇంటికి రక్షణ ఉండదు; ఆ తొందరలో ఎవరు ఎంత అడిగితే అంత ఇవ్వవలసి వస్తుంది. పై కొలత కిటికీకి పది నిలువు ఊచలు, మూడు అడ్డ ఊచలు వేస్తే, 12 మిల్లీమీటర్ల చదరపు ఇనుముతో గ్రిల్లు సుమారు పద్దెనిమిదిన్నర కిలోలు తూగుతుంది. 10 మిల్లీమీటర్ల ఇనుముతో పదమూడు కిలోలే. గ్రిల్లు ధర కిలోల లెక్కన చెబితే తూకం ఎదుట వేయించుకోవాలి. చదరపు అడుగుల లెక్కన చెబితే ఊచ మందం వ్రాయించుకోవాలి. పాత కిటికీ ముట్టుకోక ముందే గ్రిల్లు సిద్ధంగా ఉండాలి.

ఇక గాజు, చట్రం. కట్టడాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం ఒడిశా తీరప్రాంతానికి సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని నిర్దేశిస్తున్నది. అది గంటకు 180 కిలోమీటర్లతో సమానం. వేగాన్ని వేగంతో గుణించి, 0.6తో హెచ్చిస్తే ఒత్తిడి తెలుస్తుంది: చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, స్థూలంగా 150 కిలోల బరువు. మన ఉదాహరణలోని ఒక్క కిటికీ మీద సుమారు 225 కిలోల తోపుడు అన్నమాట. ఇంటి ఎత్తునూ చుట్టుపక్కల కట్టడాలనూ బట్టి ఇది మారినా, ‘4 మిల్లీమీటర్ల సాదా గాజు’ అని వ్రాసిన కాగితాన్ని ఈ అంకెను దృష్టిలో పెట్టుకొని చదవాలి. గట్టిపరచిన గాజు, అనగా టఫెన్డ్ గాజు, పగిలితే వాడి ముక్కలుగా కాక చిన్న పలుకులుగా రాలుతుంది. దానిని గట్టిపరచిన తరువాత కోయడం సాధ్యం కాదు. కాబట్టి కొలత సరిగా తీసుకొని ముందే చేయించాలి. కొలత తప్పితే ఆ నష్టం ఎవరిదో కూడా కొటేషన్‌లో ఉండాలి. యూపీవీసీ చట్రం లోపల గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ ఉంటేనే దానికి బిగువు. తక్కువ ధరకు అమ్మేవారు మొదట తగ్గించేది కంటికి కనపడని ఈ పట్టీనే. అడ్డంగా కోసిన నమూనా ముక్కను చూపమని అడగవచ్చు. బిగించిన చట్రానికి బలమైన అయస్కాంతాన్ని ఆనించి చూడవచ్చు. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలని కోరడం సమంజసం.

పక్కకు జరిగే రెక్కలు చౌక, కాని సగం కిటికీయే తెరుచుకుంటుంది. రెండు పక్కలా పొరుగు గోడలు కలిసి ఉన్న ఇళ్లకు వీధివైపూ పెరటివైపూ మాత్రమే గాలి కనుక ఈ సగం గణనీయమైన నష్టం. తలుపు వలె తెరుచుకునే రెక్కలకు ధర ఎక్కువ. అవి మూసినప్పుడు రబ్బరు పట్టీకి గట్టిగా అదుముకుంటాయి కాబట్టి జడివానకు మెరుగు.

ఇప్పుడు లెక్కను తిరిగి వేద్దాం. 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, దోమతెర, తొలగింపు, పూత అందరికీ సమానమని అనుకుందాం. రెండవ దుకాణం ఇవన్నీ తన మొత్తంలోనే చేర్చింది. మొదటి దుకాణం 55,800కు గాజు తేడా 8,100, దోమతెరలకు 7,000, తొలగింపుకు 4,500, పూతకు 5,000 కలిపితే 80,400. దానిపై 18 శాతం జీఎస్టీ 14,472. మొత్తం 94,872 రూపాయలు. మూడవ దుకాణం 72,500కు పన్నుతో కలిపి గాజు తేడా 8,000, స్థానిక మేస్త్రీకి తొలగింపు, పూత కూలి 9,500 చేరిస్తే 90,000. రెండవది 88,500 వద్దనే ఉంది. అన్నిటికంటే చౌక అనిపించినది అన్నిటికంటే ప్రియమైంది. 32,700 రూపాయల తేడా పోయి, మూడింటి మధ్య 6,372 రూపాయలు మాత్రమే మిగిలాయి. గ్రిల్లు ఖర్చు మూడింటికీ సమానమే కనుక ఈ పోలికలో చేరలేదు గాని, ఇంటి బడ్జెటులో చేరక తప్పదు. తేడా ఇంత తగ్గినప్పుడు వారంటీ గడువు, బాగుచేయడానికి మనిషి ఊరిలోనే ఉంటాడా లేదా అన్నవే నిర్ణయాన్ని శాసించాలి.

ఐదు కిటికీలనూ మార్చవలసిందేనా అన్న ప్రశ్నకు ఏ కొటేషన్‌లోనూ జవాబు ఉండదు. ఒక మంచి వడ్రంగిని పిలిచి చట్రాలను ఉలితో పొడిచి చూపించుకోవడం మేలు. టేకు చట్రం గట్టిగా ఉండి రెక్క మాత్రమే చెడితే, రెక్క మార్చడం ఖర్చులో చిన్న పాలు. నిజంగా మార్చవలసి వస్తే పాత కలప ఎవరిదో తేల్చుకోవాలి. ‘పాత సామాను ఉచితంగా తీసుకుపోతాం’ అనే మాట ఉపకారంలా వినిపిస్తుంది. పాత టేకుకు మంచి ధర ఉంది. ఆ విలువను మొత్తంలో తగ్గించమని అడగడానికి గృహస్థుకు పూర్తి హక్కు ఉంది.

బిల్లు లేకుండా పన్ను తగ్గిస్తామనే ప్రతిపాదన అక్రమమే కాక నష్టదాయకం కూడా. బిల్లు లేనిచోట వారంటీని నిరూపించడం కష్టం. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండు సంవత్సరాలు. చెల్లించిన మొత్తం 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. అక్కడ మొదట అడిగేవి కొటేషన్, బిల్లు, చెల్లింపు రసీదులు.

చెల్లింపును భాగాలుగా ఏర్పరచుకోవాలి: కొంత ముందుగా, కొంత సరుకు ఇంటికి చేరి కొలత సరిపోయినప్పుడు, మిగిలినది నీటి పరీక్ష తరువాత. పరీక్షకు పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. కిటికీ మూసి, బయటి నుండి గొట్టంతో పావుగంట నీరు కొట్టి, లోపలి అంచు వెంట పొడి గుడ్డతో తుడిచి చూడాలి. అడుగు పట్టాలోని నీటి రంధ్రాలు వీధివైపుకు తెరిచి ఉన్నాయో, పూత పనిలో సిమెంటుతో పూడిపోయాయో అప్పుడే చూసుకోవచ్చు.