ఇంటి లోపలి గోడ

చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–53



సికింద్రాబాదులో ఇల్లు కట్టించుకొనువారు లోగోడల పని మేస్త్రీకి అప్పగించి, పని ముగిసిన పిమ్మట తాళపుచెవి అందుకొందురు. అడవి అంచున తన చేతులతో ఇల్లు కట్టుకొనువానికి ఆ వీలు లేదు. గుంజలు పాతి, తడికలు అల్లి, మట్టి మెత్తి, కప్పు వేయువరకు ఇరుగుపొరుగువారు చేయి వేయుదురు. లోపలి పూత మాత్రము ఇంటివారికే మిగులును. భద్రాచలము వైపు కోయ పల్లెలలో ఇట్టి తడిక గోడల ఇండ్లు నేడును కలవు.

క్రిస్మసు దగ్గరపడగానే చెమ్మ మరకలమీద సున్నము కొట్టుట మనలో అనేకులకు అలవాటు. నేనును ఒక యేడు అట్లే చేసితిని. సంక్రాంతి రాకమునుపే మరక మరల కనబడెను.

పై భాగములో యాజకుడు చేయు పని చూడుడి. గోడలో పచ్చగానో ఎఱ్ఱగానో పల్లపు మచ్చలు కనబడినయెడల అతడు వెంటనే పూత పూయింపడు. ఇంటిని ఏడు దినములు మూయించును. మచ్చ వ్యాపించినచో ఆ రాళ్లు ఊడదీయించి, లోపల చుట్టును గీయించి, గీసిన పొడిని ఊరివెలుపల పారబోయించి, వేరు రాళ్లతోను వేరు అడుసుతోను బాగుచేయించును. అటుపిమ్మటను మచ్చ తిరిగి వచ్చినయెడల ఇల్లు పడగొట్టవలసినదే. ఇందులో నాకు ప్రీతియైన మాట ఒకటి కలదు: అతడు లోపలికి రాకమునుపే సామాను బయట పెట్టించును. ఇల్లు చెడినదని తేలినను పేదవాని కుండలు, చాపలు దానితోపాటు అపవిత్రములు కాకూడదుగదా!

మన ఇండ్లలో మచ్చకు మూలము తరచుగా వెలుపలనే యుండును. చూరు పొట్టిదైనచో వానజల్లు గోడకు తగులును. గోడ మొదట నీరు నిలిచినచో నేలచెమ్మ పైకి ప్రాకును. ముందు ఆ రెంటిని సరిచేయుడి. చెమ్మకు బూజు పట్టిన గదిలో ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. కనుక ఇది అందము కొరకైన పని మాత్రమే కాదు.

ఇక పూత. తరిగిన వరిగడ్డి కలిపి బాగుగా త్రొక్కిన మట్టిని మొదట పూయవలెను. అది ఆరుచు బీటలు వేయును; భయపడకుడి, పూర్తిగా బీటలు వేయనిండి. అటుపిమ్మట జల్లించిన మన్ను, సన్నని ఇసుక, పేడ కలిపి, గోడను తడిపి, పలుచగా రెండవ పూత పూయుడి. మొదటిది ఆరకమునుపే రెండవది పూసినవారి గోడ పెచ్చులుగా రాలును.

మట్టిగోడకు లోపల సిమెంటు పూయుట ఘనతగా ఎంచువారున్నారు. నాకది సమ్మతము కాదు. సిమెంటు చెమ్మను బయటికి పోనీయదు. లోపలి మట్టి మెత్తబడి, పూత పలకలుగా విడిపోవును. సున్నమైతే గోడను ఊపిరి తీయనిచ్చును. 1591లో కట్టిన చార్మినారు పూతపనియు సున్నపు గచ్చే. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడును. అందుచేత తొందర దానికి సరిపడదు.

గుల్లసున్నమునకు నీరు పోయునప్పుడు అది కుతకుత ఉడుకును. పిల్లలను దూరముగా ఉంచుడి, కండ్లు జాగ్రత్త. కొన్ని దినములు నాననిచ్చి, వడగట్టి, బట్టలకు అంటకుండ తుమ్మజిగురు కొంచెము కలిపి, పలుచగా రెండుమూడు మారులు వేయుడి. ఆరువరకు తలుపులు తెరచియుంచి, ఆ కొద్ది రాత్రులు వసారాలో పండుకొనుడి.