సెల్‌ టవరు – మన బిడ్డల ఆరోగ్యము

పాఠశాలకు సమీపమున సెల్‌ టవరు వెలసినది మొదలు పలువురు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు: “అయ్యా, దీనివలన పిల్లలకు హాని కలదా? బడి మార్పింపవలయునా?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఈ విషయమున ప్రకటనలు పొరుగు భాషలోనో ఆంగ్లముననో వెలువడుటచే, తెలుగు మాత్రమే చదువనేర్చిన తల్లులకు వదంతులే మిగులుచున్నవి. కావున తెలిసినంత తెలుగున విన్నవించుచున్నాము.

టవరునుండి వెలువడునవి రేడియో తరంగములు. ఎక్సు కిరణములవలె అణుబంధములను త్రెంచు శక్తి వీనికి లేదు. మిక్కిలి తీవ్రముగా సోకినచో దేహమును వేడిచేయగలవు. అడ్డులేని చోట దూరము రెట్టింపైన తీవ్రత నాలుగవ వంతగును. మూడింతలైన తొమ్మిదవ వంతగును. ఓడలకు దారి చూపు దీపస్తంభపు వెలుగువలె ఈ తరంగములు ప్రధానముగా అడ్డముగా సాగును. కావున టవరు పాదమున నున్నవారికంటె, ఆంటెనాకు ఎదురుగా, అదే యెత్తున, దగ్గరగా నున్న మేడవారు ఎక్కువ గమనింపవలయును.

2010లో బ్రిటనునందు చిన్ననాటి క్యాన్సరు సోకిన 1,397 మంది పిల్లలను ఇతర పిల్లలతో పోల్చి చూచిరి. తల్లి గర్భవతిగా నున్నప్పటి టవరు సామీప్యమునకును, ఆ వ్యాధికిని సంబంధము కనబడలేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగములను “క్యాన్సరు కలిగింపవచ్చునేమో” యను 2బి వర్గమున చేర్చినది. అందులకు ముఖ్యాధారము ఫోనును చెవికానించి అధికముగా వాడినవారి వృత్తాంతమే గాని టవరు కాదు. ఆ యాధారమును పరిమితమైనదే. మన ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ల తరంగ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణములో పదవ వంతునకు తగ్గించినది.

కొందరికి తలనొప్పి, నిద్రలేమి కలుగుట నిజము. అయితే తరంగము ఉన్నదీ లేనిదీ తెలియనీయక జరిపిన పరీక్షలలో, ఉన్నప్పుడును లేనప్పుడును బాధ ఒకేతీరుగ కనబడినది. కావున బిడ్డకు తలనొప్పి యన్నచో టవరుపై నెపము వేసి ఊరకుండరాదు. చూపు మందగించినదేమో, రక్తము తక్కువైనదేమో వైద్యునిచే పరీక్ష చేయింపవలయును.

ఇక ఇంటిలోని ఫోను సంగతి. చెవికానించిన ఫోనునుండి తలకు సోకు తరంగము, దూరపు టవరునుండి సోకుదానికంటె సాధారణముగా ఎక్కువ. సిగ్నలు బలహీనముగా నున్నచోట ఫోను మరింత శక్తిని వెలువరించును. అట్టిచోట సంభాషణ క్లుప్తముగా ముగింపుడు, స్పీకరు వాడుడు. రాత్రివేళ ఫోనును పిల్లల ప్రక్కనుండి తొలగింపుడు. నిద్రకును అది మేలు.

పై కారణములచే టవరు నిమిత్తము బడి మార్పింపవలసిన అగత్యము మాకు కనబడదు. అయినను అడుగవలసినవి కొన్ని కలవు. పాత మిద్దె టవరు భారమును మోయగలదా? జనరేటరు పొగయు రొదయు తరగతులలోనికి వచ్చుచున్నవా? కొలతలు పరిమితికి లోబడియున్నవా? కడపటి ప్రశ్నకు 2017లో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన “తరంగ్‌ సంచార్‌” ద్వారా సమాధానము కోరవచ్చును. పదుగురు తల్లిదండ్రులు కూడి అర్జీ వ్రాయుడు. కలవరముతో కాక, కొలతతో మాటాడుడు.